రెండున్నరకి కలిసే గీతలు

"నా సంతకం నాకు ఇచ్చెయ్యమ్మాయ్," అంది అత్త.

కోడలి నోట్లో బ్రష్ అలాగే ఉండిపోయింది. అత్తని చూసింది. గోడ మీది పలకని చూసింది. పలక ఆరు రోజుల నుంచి ఎలా ఉందో అలాగే ఉంది. మీటరు ఎత్తు, మీటరు వెడల్పు, దాని నిండా గోరు కన్నా చిన్న గళ్లు.

"నోరు కడుక్కుని వస్తాను అత్తయ్యా."

"కడుక్కో. కడుక్కుని ఇచ్చెయ్."

వంటింట్లో మామ కుళాయి కట్టేశాడు. ఆయన రాత్రి పళ్లేలు తోముతున్నాడు. రిటైరయ్యేదాకా ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసిన మనిషి. ఇంట్లో ఎవరి గొంతు లేచినా ముందు కుళాయి కట్టేస్తాడు, వినపడాలని.

"ఏమైందోయ్? నిన్న బాగుందన్నావుగా ఆ పలక?"

"నిన్న తలనొప్పి లేదు."

"ఇవాళ ఉందా?"

"వస్తుంది."

మామ సబ్బు చేతుల్తోనే గుమ్మం దాకా వచ్చాడు. అప్పుడే అవతలి గది తలుపు తెరుచుకుంది. చిన్నత్త బయటికి వచ్చి, తోడికోడలి వైపు చూడకుండా, కోడలితో మాట్లాడింది.

"ఆవిడకీ నాకూ మాటల్లేవని అందరికీ తెలుసు. కానీ ఈ ఒక్క విషయంలో ఆవిడ అన్నది సరైనదే. నా కాగితం కూడా ఇచ్చెయ్."

"ఆవిడతో చెప్పు," అంది అత్త, "నాకు ఎవరి వత్తాసూ అక్కర్లేదని."

కోడలు అటు తిరిగింది. "చిన్నత్తయ్యా, అత్తయ్య..."

"వినపడింది. చెవులున్నాయి నాకు."

తడి బట్టల బుట్టతో చిన్నమామ డాబా మెట్ల దగ్గర ఆగాడు. ఆయన చొక్కా కాలరుకి ఆరు క్లిప్పులున్నాయి. బస్సు కండక్టరుగా ముప్పై ఒక్క సంవత్సరాలు టికెట్లు కొట్టిన చేతులు ఇప్పుడు క్లిప్పులు పెడుతున్నాయి.

"రెండేళ్లలో వీళ్లిద్దరూ ఒక మాట మీదకి రావడం ఇదే మొదలు, అన్నయ్యా. తారీఖు రాసి పెట్టుకో."

"రాస్తాను. చేతులు తడిగా ఉన్నాయి."

కోడలు నవ్వలేదు. రేపు మధ్యాహ్నం పన్నెండు దాటితే పలక పరీక్షకి ఏడు రోజులు పూర్తవుతాయి. అత్తమామలు, చిన్నత్త, చిన్నమామ, తను కలిపి ఐదుగురు మనుషులు, ఐదు ఫోన్లు, పలక పంపే ఒకే తరంగం. ఎవరి వీడియో వాళ్ల ఫోనుకి అందాలి, ఒకరిది ఇంకొకరికి అడ్డు రాకూడదు. ఆ ఐదుగురిలో ఏ ఒక్కరైనా పన్నెండు లోపు ఒప్పుకోలు సంతకం వెనక్కి తీసుకుంటే ఏడు రోజుల లెక్కలూ చెరిపెయ్యాలి. అది తను పనిచేసే సంస్థ నియమం. ఆ నియమాన్ని మిగతా నలుగురికీ చదివి వినిపించింది కోడలే.

ఇంకో ఇల్లు వెతుక్కునే గడువు లేదు. ఈ నెలాఖరుకి ఫలితం చూపించకపోతే పలక పని ఆపేస్తామని సంస్థ చెప్పేసింది.

"అత్తయ్యా, అసలు కారణం చెప్పండి."

"గోడ రంగుకి నప్పలేదు," అంది అత్త.

"అదే," అంది చిన్నత్త. "రంగు."

ఇద్దరూ ఒకేసారి లోపలికి వెళ్లిపోయారు. చెరో తలుపులోంచి.

మామ వంటింట్లోకి వెళ్లాడు. కుళాయి మళ్లీ మొదలైంది.

*

కోడలు తన గదిలో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. మొగుడు రైలు డ్రైవరు, వారం నుంచి డ్యూటీ మీద ఊళ్లో లేడు. ఉంటే ఈపాటికి తల్లి దగ్గరికి వెళ్లి బతిమాలేవాడు. బతిమాలి చెడగొట్టేవాడు.

అత్త నిన్న సాయంత్రం దాకా బాగానే ఉంది. సాయంత్రం ఏం జరిగింది?

సాయంత్రం సంస్థ నుంచి కొలతలావిడ ఫోన్ చేసింది. ఆవిడ ఉద్యోగం పేరు పరీక్షాధికారి. నడుముకి ఎప్పుడూ టేపు వేలాడుతుంటుంది కాబట్టి కొలతలావిడ. కోడలు కూరగాయలు తరుగుతూ స్పీకర్ పెట్టింది. "మీ పలక రోజూ మధ్యాహ్నం రెండున్నరకి ఇద్దర్ని విడదీయలేకపోతోంది. మూడుంబావు దాకా. రోజూ అదే టైము, అదే చోటు. రేపు రెండింటికి వచ్చి చూస్తాను," అంది కొలతలావిడ. ఆ మాటలప్పుడు అత్త పక్కనే ఇస్త్రీ చేస్తోంది. ఇస్త్రీ పెట్టె నిలబెట్టి లోపలికి వెళ్లిపోయింది. చొక్కా సగం ఇస్త్రీతో ఉండిపోయింది.

తెర మీద ఐదు గీతలున్నాయి. ఒక్కొక్కరికి ఒక్కో రంగు. కోడలు ఆరు రోజుల గీతల్నీ ఒకదాని కింద ఒకటి పెట్టింది. రెండున్నరకి ఆకుపచ్చ గీత వచ్చి నీలం గీతతో కలుస్తోంది. మూడుంబావుకి విడిపోతోంది. మొదటి రోజు, రెండో రోజు, మూడో రోజు, అన్నీ అంతే.

ఆకుపచ్చ అత్తది. నీలం చిన్నత్తది.

కోడలు రంగుల పట్టీని ఇంకోసారి చూసింది. తప్పు లేదు.

సంస్థలో ఆ పలక పేరు ప్రోగ్రామబుల్ మెటాసర్ఫేస్. మొదటి రోజు ఇంట్లో అందరికీ అది ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఆమె భూతద్దం తెచ్చింది. ఎండలో కాగితం పెట్టి కాల్చి చూపించింది. "చూశారా, కాగితం సరైన దూరంలో ఉంటేనే కాలుతోంది. ముందుకి జరిపినా కాలదు, వెనక్కి జరిపినా కాలదు. పలక కూడా అంతే. ఒక్కో గడికీ ఒక్కో ఆజ్ఞ ఇస్తే తరంగాలన్నీ వెళ్లి ఒక్క చోట కలుస్తాయి. దూరంగా ఉన్న టవరుకి దిక్కు ఒక్కటే తెలుసు. ఒకే దిక్కులో ఒకరి వెనక ఒకరు కూర్చుంటే దానికి ఇద్దరూ ఒకటే. దగ్గరున్న పలకకి దిక్కూ తెలుసు, దూరమూ తెలుసు. ముందువాళ్లది ముందువాళ్లకి, వెనకవాళ్లది వెనకవాళ్లకి."

"మా బస్సులో నాకు అంతే," అన్నాడు చిన్నమామ అప్పుడు. "నాలుగో సీటుకి వేరు టికెట్టు, ఐదో సీటుకి వేరు టికెట్టు."

"కానీ మామయ్యా, మరీ దగ్గరగా ఉంటే పలక కూడా చూడలేదు. మూడు మీటర్ల దూరంలో అయితే ఇద్దరి మధ్య అరవై సెంటీమీటర్లైనా ఉండాలి."

"ఒక సీట్లో ఇద్దరు కూర్చున్నట్టు."

ఆ అరవై సెంటీమీటర్ల సంగతి డిజైన్ కాగితంలో రాసి ఉంది. కాబట్టి పలకది తప్పు కాదు. ఇద్దరు మనుషులు ఒకరి వెనక ఒకరు, అరవై సెంటీమీటర్ల లోపల, నలభై ఐదు నిమిషాలు కూర్చున్నారు. రోజూ.

మాటల్లేని ఇద్దరు మనుషులు.

కోడలు టేపు తీసుకుని హాల్లోకి వెళ్లింది. గోడ నుంచి కొలిచింది. గీతలు కలిసిన చోటు సోఫా ఎడమ చివర. సోఫా ముందు రగ్గు మీద నాలుగు చిన్న గుంటలున్నాయి, చతురస్రంగా. స్టూలు కాళ్ల గుర్తులు. హాల్లో స్టూలు లేదు. ఇంట్లో ఉన్నది ఒక్కటే స్టూలు, అది అత్త కుట్టు మిషను దగ్గర ఉంటుంది. సోఫా సందులో చెయ్యి పెడితే నొప్పుల మందు ట్యూబు దొరికింది. సగం వాడింది.

అత్త ముప్పై ఏళ్లుగా దర్జీ పని చేస్తోంది. రోజంతా మిషను మీద వంగి ఉంటుంది. నిరుడు ఆవిడ మెడ పట్టేసి తిప్పలేకపోయింది. తర్వాత తగ్గింది. ఎలా తగ్గిందని అడిగితే, "దానంతటదే," అంది.

*

కుట్టు గదిలో మిషను నడుస్తోంది. కోడలు చిన్నత్తని చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకొచ్చింది. తలుపు వేసింది. ట్యూబుని మిషను బల్ల మీద పెట్టింది.

మిషను ఆగింది.

"చెప్పానా అక్కా," అంది చిన్నత్త, "అది సోఫాలో పెట్టొద్దని."

"నువ్వు చెప్పింది స్టూలు గురించి."

"రెండూ చెప్పాను."

"స్టూలొకటే చెప్పావు. నాకు గుర్తులేదనుకోకు."

కోడలు ఈ ఇంటికి వచ్చి పద్దెనిమిది నెలలైంది. వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం ఆమె ఇప్పటిదాకా వినలేదు. గుడ్డల మూట మీద కూర్చుంది.

"ఎన్నాళ్ల నుంచి?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కత్తెర గొడవ నిజంగానే జరిగింది," అంది అత్త. "నా బట్టల కత్తెరతో ఈవిడ అట్టపెట్టె కోసింది. అట్టపెట్టె! దర్జీ కత్తెరతో!"

"లైబ్రరీలో అన్ని కత్తెరలూ అట్టలే కోస్తాయి," అంది చిన్నత్త. ఆవిడ లైబ్రరీలో పాతికేళ్లు పుస్తకాలకి అట్టలు వేసింది. "నాకేం తెలుసు?"

"ఎనిమిది రోజులు మాటల్లేవు. తొమ్మిదో రోజు మాట్లాడేసుకున్నాం."

"మరి?"

"మరేముంది. ఆ ఎనిమిది రోజుల్లో మీ మామయ్య పళ్లెం కడగడం నేర్చుకున్నాడు."

చిన్నత్తకి నవ్వు వచ్చింది, కొంగు అడ్డం పెట్టుకుంది. "అక్క తిన్న పళ్లెం నేను ముట్టనన్నాను. అక్క, నేను తిన్నది ముట్టనంది. ఇద్దరం ముట్టకపోతే ఎవరు కడగాలి?"

"ఈవిడ చీర ఆరేసిన తీగ మీద నా చీర ఆరెయ్యనన్నాను. మర్నాటి నుంచి బట్టలు మరిది పని."

"ఆవిడ కొన్న కూరగాయలు నేను వండనన్నాను. సంచీ బావగారి చేతికి వెళ్లింది."

"ముప్పై ఏళ్లు నోటితో చెప్పాం అమ్మాయ్. వినలేదు. నోరు మూసుకుంటే విన్నారు."

కోడలు నవ్వబోయి ఆపుకుంది. ఈ ఇంట్లో తను ఆఫీసు నుంచి వచ్చేసరికి బట్టలు మడతపెట్టి మంచం మీద ఉంటాయి. చిన్నమామ మంచివాడు అనుకుంది ఇన్నాళ్లూ.

"ఇప్పుడు మేం కలిసిపోయామని తెలిసిందనుకో," అంది అత్త, "సాయంత్రానికి సింకు మన ముగ్గురిదీ. నీతో కలిపి చెప్తున్నాను."

"మధ్యాహ్నం మీ మామయ్య నిద్రపోతారు, మా ఆయన పేపర్లు చదవడానికి బయటికి వెళ్తారు," అంది చిన్నత్త. "ఆ కాసేపే మాకు. అక్క స్టూలు మీద, నేను వెనక సోఫాలో. మెడ నొక్కుతూ మాట్లాడుకుంటాం. ఇరవై మూడు గంటల మాటలు ఒక్క గంటలో అయిపోవాలి."

"మరి ఫోన్లు ఎందుకు దగ్గర పెట్టుకున్నారు?"

"ఎప్పుడూ దగ్గరే ఉంచుకోమని చెప్పింది నువ్వేగా!" అంది అత్త. "వీడియో ఆపొద్దన్నావు. ఆపలేదు. ఫోన్ని బోర్లా ఒళ్లో పెట్టుకున్నాను, చూడకుండా ఉంటుందని."

కోడలు తల పట్టుకుంది. ఆరు రోజుల్లో ఆమె చెప్పిన నియమాలన్నీ పాటించినవాళ్లు వీళ్లిద్దరే.

"పిల్లి వచ్చిందని రాసెయ్," అంది అత్త.

"పిల్లికి ఫోనెక్కడిది అక్కా?"

"నేను అబద్ధం రాయలేను అత్తయ్యా. రాస్తే ఆ అరవై సెంటీమీటర్ల లెక్క కూడా అబద్ధమవుతుంది." కోడలు ఫైల్లోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. "మీ సంతకాలు. మీవి మీకే. ఉంచితే ఉంచండి, చింపితే చింపండి. మీ పేర్లు మాత్రం నా నోటితో బయటికి రావు."

అత్త కాగితాల వైపు చూడలేదు.

"చింపితే నీకేమవుతుంది?"

"మాన్యువల్స్ రాసే విభాగానికి పంపిస్తారు. పలక స్టోర్‌లోకి పోతుంది."

"ఎన్నేళ్లు చేశావు దీన్ని?"

"నాలుగేళ్ల మూడు నెలలు."

అత్త మిషను చక్రం తిప్పింది. సూది పైకీ కిందకీ ఆడింది. సూదిలో దారం లేదు.

*

రెండింటికి కొలతలావిడ వచ్చింది. మంచినీళ్లు వద్దంది. టేపు తీసి పలక నుంచి సోఫాకి కొలిచి, మూడు మీటర్ల పది అని రాసుకుంది.

"ఐదుగురూ హాల్లో ఉండాలి. పది నిమిషాలు. ఐదు గీతలూ పది నిమిషాల పాటు విడివిడిగా ఉంటే పలక నిలబడ్డట్టు. లేకపోతే లేదు," అంది.

మామని నిద్ర లేపారు. చిన్నమామ పేపర్ల కోసం వేసుకున్న చెప్పులు విప్పాడు. మామ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఫోన్లో కబడ్డీ ఆట పెట్టుకున్నాడు. చిన్నమామ పక్క కుర్చీలో కూర్చున్నాడు, ఆయనది చదరంగం పాఠం. కోడలు తన ఫోనులో పాట పెట్టి, ల్యాప్‌టాప్‌తో బల్ల దగ్గర కూర్చుంది. అత్త ఒక గోడ దగ్గర, చిన్నత్త ఎదుటి గోడ దగ్గర నిలబడ్డారు. ఇంట్లో ఎప్పుడూ ఉండే దూరంలోనే.

"ఇప్పుడు అసలు సంగతి," అంది కొలతలావిడ. "రోజూ రెండున్నరకి ఇక్కడ ఇద్దరు కూర్చుంటున్నారు. ఆ ఇద్దరూ వచ్చి, ఎలా కూర్చునేవాళ్లో అలాగే కూర్చోండి."

ఎవరూ కదల్లేదు.

"నేను నిద్రపోతాను ఆ టైములో," అన్నాడు మామ.

"నేను బయట ఉంటాను," అన్నాడు చిన్నమామ.

కొలతలావిడ కోడలి వైపు చూసింది. "ఎవరమ్మా?"

"నేను చెప్పలేనండి."

"తెలియదా?"

"తెలుసు. చెప్పలేను."

"అయితే నేను ఫారంలో ఆ జవాబు ఖాళీగా వదిలి వెళ్లాలి. ఖాళీ అంటే పలక నిలబడనట్టే, నీకు తెలుసుగా."

"తెలుసండి."

కొలతలావిడ టేపు చుట్టింది. సంచీలో పెట్టుకోబోయింది.

అత్త కుట్టు గదిలోకి వెళ్లింది. స్టూలు పట్టుకుని వచ్చింది. రగ్గు మీద నాలుగు గుంటల్లో నాలుగు కాళ్లూ పెట్టింది. పలకకి ఎదురుగా కూర్చుంది. ఫోను ఒళ్లో పెట్టుకుంది.

"రా," అంది.

చిన్నత్త గోడ వదిలి వచ్చింది. వెనక సోఫాలో కూర్చుంది. తోడికోడలి మెడ మీద రెండు చేతులూ వేసింది.

మామ ఫోనులో ఎవరో పాయింటు కొట్టారు. జనం కేకలు వినిపించాయి. ఆయన చూడలేదు.

"నలభై ఒకటి," అంది కొలతలావిడ, రెండు ఫోన్ల మధ్య టేపు పెట్టి. "నలభై ఒకటికి గీతలు కలవాలి. కలిశాయి. డిజైన్ ప్రకారమే. ఇప్పుడు ముందావిడ కొంచెం ముందుకి జరగండి."

అత్త స్టూలుతో పాటు జరిగింది. చిన్నత్త చేతులు చాపింది.

"యాభై. ఇంకొంచెం."

"ఇంకా జరిగితే నా చేతులు అందవండి," అంది చిన్నత్త.

"అందుతాయి. వంగు," అంది అత్త.

"నువ్వు వెనక్కి వాలు అక్కా."

"ఫోను వాలకూడదు. నేను వాలొచ్చా?" కొలతలావిడని అడిగింది అత్త.

"మీరు వాలొచ్చు."

"అరవై రెండు," అంది కొలతలావిడ కాసేపటికి. కోడలు తెర వైపు చూసింది. ఆకుపచ్చ గీత కదిలింది. నీలం గీత పక్కకి వచ్చింది. రెంటి మధ్యా సందు కనిపించింది.

ఐదు గీతలు. కొలతలావిడ వాచీ నొక్కింది.

"పది నిమిషాలు. ఎవరూ లేవొద్దు."

రెండో నిమిషంలో చిన్నమామ దగ్గాడు. మూడు, నాలుగు నిమిషాలు గడిచాయి. చిన్నత్త అలవాటు ప్రకారం నొక్కుతూనే ఉంది. కొలతలావిడ ఖాళీగా ఉండలేదు, ఫారం నింపడం మొదలుపెట్టింది.

"ఇక్కడ ఒక ప్రశ్న ఉంది. ఇలా కూర్చోవడం ఇంటి అలవాటా, లేక పరీక్ష కోసం చేసిందా?"

"అలవాటే," అంది అత్త.

"ఎన్నాళ్ల అలవాటు?"

చిన్నత్త చేతులు ఆగాయి. కోడలు ఆవిడ వైపు, అత్త వైపు చూసింది. చిన్నగా తల అడ్డంగా ఊపింది, చెప్పకపోయినా ఫర్వాలేదని. అత్త అది చూసింది. తర్వాత కొలతలావిడ కలం వైపు చూసింది.

"రెండేళ్లు," అంది. "ఎనిమిది రోజులు తక్కువ."

కొలతలావిడ రాసుకుంది.

మామ ఫోన్లో శబ్దం తగ్గించాడు. "ఎన్నన్నావు?"

"విన్నారుగా."

"అంటే పళ్లేలు..."

"ఊఁ."

"బట్టలు?" అన్నాడు చిన్నమామ. చెయ్యి కాలరు దగ్గరికి వెళ్లింది. పొద్దుటి క్లిప్పు ఒకటి ఇంకా అక్కడే ఉంది. దాన్ని తీసి చూశాడు. "వదినా, తీగ కూడానా?"

"తీగ కూడా."

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చిన్నమామ పెదవి బిగబట్టాడు. అది కోపమో నవ్వో కోడలికి అర్థం కాలేదు.

"ఐదు నిమిషాలు అయ్యాయి. ఇంకో ఐదు," అంది కొలతలావిడ, ఫారం మీంచి తల ఎత్తకుండా.

"తమ్ముడూ, ఒకసారి వంటింట్లోకి రా," అన్నాడు మామ. లేచాడు.

"మామయ్యా!" అంది కోడలు. "ఐదు నిమిషాలు. ఐదంటే ఐదే."

"మాటలు మేం కూడా మాట్లాడుకోవాలి కదమ్మా. రెండేళ్లవి ఉన్నాయి."

చిన్నమామ లేచాడు. కోడలి మొహం చూశాడు. చేతిలో ఫోనుని చూశాడు. చదరంగం పాఠం ఆగకుండా దాన్ని కుర్చీలో పెట్టి, పడిపోకుండా క్లిప్పుతో కుర్చీ గుడ్డకి బిగించాడు. అన్న వెనకాల నడిచాడు.

మామ ఫోను మామ చేతిలోనే ఉంది.

"ఏవండీ," అంది అత్త, మెడ తిప్పకుండా. "మీకు నా మీద కోపం. ఆ పిల్ల మీద కాదుగా?"

మామ వంటింటి గుమ్మం దగ్గర ఆగాడు. ఒక కాలు హాల్లో, ఒక కాలు లోపల. ఆ గుమ్మం అవతలికి పలక అందదు. ఆ సంగతి మొదటి రోజే అందరికీ చెప్పింది కోడలు.

"పళ్లేలు ఎవరివి?" అని అడిగాడు ఆయన, వెనక్కి తిరక్కుండా. "రేపటి నుంచి. ముందు అది తేలనీ."

తెర మీద మామ గీత సన్నబడింది.

"ఇంకా నాలుగు నిమిషాలు," అంది కొలతలావిడ.

చిన్నత్త చేతులు తోడికోడలి భుజాల మీదే ఉన్నాయి. అత్త నోరు తెరిచింది.